మీ ఫైళ్ళు మా దగ్గర్నుంచి బయటికి పోయాయి: లాగుల్లో కనబడినదీ, మేం చూడనిదీ

మా బిల్లింగ్ సర్వీసు వాడుతున్న మీ అందరికీ నమస్కారం.

పోయిన వారం పంపిన చిన్న ఈమెయిల్‌లో, మా ఫైల్ సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారని, పాస్‌వర్డ్ మార్చుకోమని మాత్రమే చెప్పాను. ఆ తర్వాత మీరు ఫోన్ చేసి అడిగింది ఒకటే: మా సమాచారం బయటికి పోయిందా, లేదా? పోయింది. మీ ఇన్వాయిస్‌ల కాపీలు, వాటిలో ఉన్న మీ కస్టమర్ల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు పోయాయి. కార్డు వివరాలు మేం ఎప్పుడూ దాచలేదు కాబట్టి అవి అందులో లేవు. పాస్‌వర్డ్‌లు వేరే సర్వర్‌లో హ్యాష్ రూపంలో, అంటే అసలు పాస్‌వర్డ్ తిరిగి తేలిగ్గా చదవలేని గుర్తులుగా ఉంటాయి. ఆ సర్వర్ వైపు దొంగ వెళ్ళిన జాడ లేదు. అయినా మార్చుకోమని ఎందుకు అన్నానో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

దీన్ని పట్టుకున్నది మా భద్రతా సాఫ్ట్‌వేర్ కాదు. రాత్రిపూట నెట్ బాగా నెమ్మదిస్తోందని మాలో ఒకరు, మా నెట్‌వర్క్‌లోకి వచ్చేవీ బయటికి పోయేవీ చూసే ఫైర్‌వాల్ లాగులు, అంటే అది రాసిపెట్టిన రికార్డులు తెరిచి, ఏ మెషిన్ ఎంత డేటా బయటికి పంపిందో ఎక్కువ నుంచి తక్కువకు వరస పెట్టి చూశారు. అన్నిటికంటే పైన ఫైల్ సర్వర్ కనబడింది. అది ఆఫీసు లోపలి మెషిన్లకు ఫైళ్ళు అందించే సర్వర్. బయటి ప్రపంచంతో దానికున్న పనులు రెండే: అప్‌డేట్లు దించుకోవడం, రాత్రి బ్యాకప్ పంపడం. అప్‌డేట్లు లోపలికి వచ్చేవి. బ్యాకప్ వెళ్ళేది ఒకే ఒక్క ఇంటర్నెట్ అడ్రసుకు. కానీ లాగులో, రాత్రి రెండు దాటాక గంటన్నర పాటు, మాకు బొత్తిగా తెలియని అడ్రసుకు 443 పోర్టు (మామూలుగా సురక్షిత వెబ్‌సైట్లు వాడే దారి) మీద డేటా పోతూ ఉంది. దాదాపు ప్రతి రాత్రీ అదే వరస.

చిన్న తేడాను పట్టుకుని లాగడం వల్ల పెద్ద దొంగతనం బయటపడటం కొత్తేమీ కాదు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీలో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేలకపోతే, అక్కడ పనిచేసే క్లిఫర్డ్ స్టోల్ దాన్ని వదలకుండా వెంటాడి, చివరికి పశ్చిమ జర్మనీలో ఉన్న హ్యాకర్ దాకా వెళ్ళారు. మా దగ్గర తేడా చిన్నది కూడా కాదు. చూసిన ఎవరికైనా కనబడేంత పెద్దది. చూసేవాళ్ళే లేరు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే. ఫైర్‌వాల్ ప్రతి రాత్రీ అంతా రాసిపెట్టింది: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని గంటలకు, ఎన్ని బైట్లు. కానీ మేం అలర్ట్ పెట్టుకున్నది అది అడ్డుకున్న వాటికే. బయటి నుంచి తలుపు తట్టినవాళ్ళ గురించి రోజూ మెసేజ్‌లు వచ్చేవి. ఫైర్‌వాల్ సరేనని బయటికి పంపించిన వాటి గురించి ఒక్కటీ రాలేదు. దొంగతనం జరిగేది మాత్రం ఆ పంపించిన వాటిలోనే. సేవలు సెటప్ చేసిన రోజున ఆ నిర్ణయం తీసుకున్నది నేనే. అలర్ట్‌లు మరీ ఎక్కువైతే ఎవరూ చదవరనుకున్నాను.

అసలు ఎప్పుడు మొదలైందో చూద్దామని వెనక్కి వెళ్తే ఇంకో దెబ్బ తగిలింది. ఫైర్‌వాల్‌లో 30 రోజుల లాగులే ఉంటాయి, అంతకంటే పాతవి చెరిగిపోతాయి. మిగిలిన వాటిలో మొదటి రాత్రే ఆ ట్రాఫిక్ ఉంది. అంటే మొదలైంది అంతకు ముందే. అదృష్టవశాత్తు ఫైల్ సర్వర్‌లో లాగిన్ రికార్డులు ఇంకా పాతవి ఉన్నాయి. విండోస్‌లో ప్రతి విజయవంతమైన లాగిన్ 4624 నంబరుతో నమోదవుతుంది, విఫలమైంది 4625తో. విఫలమైనవి వెతికితే ఏమీ లేవు. పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నమే జరగలేదు. సరైన పాస్‌వర్డ్‌తో, మొదటిసారే లోపలికి వచ్చారు. అది ఎప్పుడో పని ముగించి వెళ్ళిపోయిన ఒక కాంట్రాక్టర్ అకౌంట్. ఆ పాస్‌వర్డ్ వాళ్ళ నుంచి ఎవరో దొంగిలించి వాడారని ఇప్పటిదాకా దొరికిన ఆధారాలు చెబుతున్నాయి. మేం ఆ అకౌంట్ తీసేయలేదు, దానికి రెండో దశ ధృవీకరణ కూడా లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటివాళ్ళ తాళంతో వచ్చిన బయటి దొంగ కూడా లాగులో ఇంటివాడిలాగే కనబడతాడు.

ఆ అకౌంట్ రాత్రి లాగిన్లు మొదలైంది దొరికిన రోజుకు 47 రోజుల ముందు. ఈ తేదీ చెప్పడానికి మాకు రెండు రోజులు అదనంగా పట్టింది. ఫైల్ సర్వర్ గడియారం ఫైర్‌వాల్ గడియారం కంటే ఏడు నిమిషాలు ముందు ఉండటంతో, రెండు లాగులు పక్కపక్కన పెడితే డేటా పోయాక లాగిన్ అయినట్టు కనబడింది. ఇప్పుడు అన్ని మెషిన్లూ ఒకే టైమ్ సర్వర్‌ను చూసి సరిచేసుకుంటున్నాయి.

లాగు చెప్పలేనిది కూడా చెప్పాలి. ఎంత పోయింది, ఎక్కడికి, ఎప్పుడు అన్నది ఫైర్‌వాల్ చెబుతుంది. ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనివాళ్ళు చదవలేని రూపంలో వెళ్ళింది కాబట్టి లోపల ఏముందో చెప్పదు. ఏ ఫైలు ఎవరు తెరిచారో విండోస్ 4663 నంబరుతో రాసిపెట్టగలదు, కానీ ఆ ఆడిటింగ్‌ను ముందే ఆన్ చేసి ఉండాలి. మా దగ్గర ఆన్ చేసి లేదు. అందుకే "ఫలానా ఫైళ్ళే పోయాయి" అని మీకు చెప్పే హక్కు నాకు లేదు. ఆ అకౌంట్ తెరవగలిగే ఫోల్డర్లన్నీ పోయినట్టే లెక్కపెట్టాం. పాస్‌వర్డ్ మార్చుకోమన్నదీ ఇందుకే. జాడ లేనంత మాత్రాన జరగలేదని నేను ఇక అనలేను.

ఆ అకౌంట్ మూసేశాం, ఫిర్యాదు చేశాం, బయటి నిపుణులతో సర్వర్లను తనిఖీ చేయించి కొత్తగా కట్టించాం. అసలు పని లాగుల దగ్గర జరుగుతోంది.

ఇప్పుడు ప్రతి సర్వర్ తన లాగును పుట్టిన వెంటనే వేరే మెషిన్‌కు పంపుతుంది. ఆ సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేతికి చిక్కినా ఆ వేరే మెషిన్‌లో ఉన్న కాపీని చెరపలేరు. ఎవరైనా విండోస్ భద్రతా లాగును తుడిచేస్తే 1102 అనే నంబరు పడుతుంది, అది పడగానే నా ఫోన్ మోగుతుంది. లాగులు 30 రోజులు కాదు, ఏడాది ఉంటాయి. ఒక్కో మెషిన్ మామూలుగా ఎంత పంపుతుందో విడివిడిగా లెక్కకట్టి, అది దాటితే, లేదా మునుపెన్నడూ లేని అడ్రసుకు పంపితే అలర్ట్ వస్తుంది. ఒక్కో కనెక్షన్‌ను విడిగా చూస్తే చాలదు. ఓపికున్న దొంగ కొంచెం కొంచెంగా తోడుకుంటాడు, అందుకే రోజు మొత్తం, వారం మొత్తం కూడా కూడి చూస్తున్నాం.

డీఎన్‌ఎస్ లాగులు కూడా చేర్చాం. వెబ్‌సైట్ పేరును అడ్రసుగా మార్చమని అడిగే ఆ ప్రశ్నలను దాదాపు ప్రతి నెట్‌వర్కూ బయటికి పోనిస్తుంది. ఒక పేరులో చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాల దాకా పెట్టవచ్చు. దొంగిలించిన డేటాను ముక్కలు చేసి, పేర్లలా మార్చి, తన సొంత డొమైన్ కింద వేల ప్రశ్నలుగా అడిగిస్తే చాలు, ఫైలు బయటికి చేరిపోతుంది. ఒకే డొమైన్ కింద పొడవాటి, అర్థం లేని పేర్లు గుట్టలుగా కనబడటమే దానికి గుర్తు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నిశ్శబ్దం మీద పెట్టిన అలర్ట్. ఏ సర్వర్ నుంచైనా కాసేపు లాగు రాకపోతే అదే ఒక ప్రమాద సూచన. 2017లో అమెరికాలో జనం అప్పుల చరిత్ర దాచే ఈక్విఫాక్స్ సంస్థలో నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను పరిశీలించే పరికరం ఉంది, కానీ ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ను విప్పి చూడటానికి దానికి కావలసిన డిజిటల్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. అది చూడటం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. దొంగలు 76 రోజులు లోపల ఉన్నారు. కొత్త సర్టిఫికెట్ పెట్టాకే అనుమానాస్పద ట్రాఫిక్ కనబడింది.

మొదటి వారం తప్పుడు అలర్ట్‌లు చాలా వచ్చాయి: వీడియో కాల్స్, కొత్త ల్యాప్‌టాప్ మొదటి బ్యాకప్. ఒక్కొక్కటీ చూసి హద్దులు సవరించాం, విసుగొచ్చి ఏదీ ఆపలేదు. రోజూ ఉదయం ఒకరు ఈ రిపోర్టు చదివి సంతకం చేస్తారు, వారానికి ఒకసారి ఆ ఒకరు నేనే. ఫైల్ సర్వర్‌కు మాత్రం బ్యాకప్ అడ్రసు తప్ప బయటి దారులన్నీ మూసేశాం, అప్‌డేట్లు కూడా లోపలి మెషిన్ నుంచే అందుతాయి. ఆ పని మొదటి రోజే చేసి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చేది కాదు.

మీ నుంచి ఒక సాయం కావాలి. అసలు ఇన్వాయిస్ చేతిలో ఉన్నవాడు దాన్ని పోలిన నకిలీది తేలిగ్గా తయారుచేస్తాడు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి" అని మీ పేరుతో మీ కస్టమర్లకు ఈమెయిల్ వెళ్ళవచ్చు, సరఫరాదారుల పేరుతో మీకూ రావచ్చు. ఇన్వాయిస్ నంబరు, మొత్తం సరిగ్గా ఉన్నా నమ్మకండి. ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి. మీ కస్టమర్లకు ఈ మాట ఈ రోజే చెప్పండి. వాళ్ళకు పంపడానికి వీలుగా ఒక ఉత్తరం రాసి మీ అకౌంట్‌లో పెట్టాను, తప్పు మాదేనని అందులో స్పష్టంగా ఉంది.

మీ ఫోల్డర్లలో ఏవి ఆ అకౌంట్‌కు అందుబాటులో ఉండేవో జాబితా శుక్రవారంలోగా మీకు విడిగా వస్తుంది. రాకపోతే ఈ ఈమెయిల్‌కే జవాబివ్వండి, నేనే చదువుతాను.