సేవకు పిలవండి, హాజరు వేయకండి

సంపాదకులకు,

సైనికుల భార్యలు చేసే స్వచ్ఛంద సేవ గురించి పత్రికల్లో వచ్చేదంతా దాదాపు పొగడ్తే. అందులో అబద్ధమేమీ లేదు. కుటుంబాలను వెంట తీసుకెళ్లలేని ఫీల్డ్ పోస్టింగ్‌కి యూనిట్ వెళ్లిపోయాక ఎవరికి నెలలు నిండాయో, ఎవరి పిల్లాడికి జ్వరం తగ్గడం లేదో, ఎవరికి పెన్షన్ కాగితాలు అర్థంకావడం లేదో ముందు తెలిసేది పక్క క్వార్టర్‌లో ఉండే ఇల్లాలికే. చావు కబురు వచ్చిన ఇంట్లో రాత్రంతా కూర్చునేదీ ఆమే. మన దేశంలో 1966లో ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ పేరుతో ఏర్పడిన సంస్థ ఇలాంటి చేతుల మీదే నడుస్తోంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం అది నడిపే ఆశా స్కూళ్లను చూస్తే ఆ కష్టం విలువ తెలుస్తుంది.

అయితే ఈ సేవ ఆమె సొంతం, భర్త ఉద్యోగంలో భాగం కాదు. చాలా చోట్ల దాన్ని అలా చూడరు. సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) గారి భార్య వెల్ఫేర్ మీట్‌కి పిలిస్తే, కింది ర్యాంకుల వాళ్ల ఇళ్లలో ఎంత పనున్నా కాదనలేరు. రాకపోతే భర్త ఏసీఆర్ (పనితీరుపై పైఅధికారి ఏటా రాసే నివేదిక) మీద పడుతుందేమోనని టెన్షన్. ఆ మాట ఎవరూ పైకి అనక్కర్లేదు, భయం దానంతటదే పాకుతుంది. సైనికుడి భార్యగా చెబుతున్నాను, భయంతో వచ్చినవాళ్లు ముఖం చూపించి వెళ్లిపోతారు. ఎదుటివాళ్ల కష్టం అడిగే తీరిక, మనసు వాళ్లకుండవు.

అమెరికాలోనూ ఈ గొడవ నడిచింది. 1980లలో కొందరు పైఅధికారులు తమ కింద పనిచేసే అధికారుల భార్యలను ఉద్యోగం మాని యూనిట్ కార్యక్రమాల్లో పాల్గొనమని ఒత్తిడి చేస్తున్నారని ఫిర్యాదులొచ్చాయి. చివరికి 1988లో అక్కడి రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. జీవిత భాగస్వామి ఉద్యోగం చేసినా, వాలంటీరుగా వచ్చినా రాకపోయినా, సైనికుడి పనితీరు అంచనాకు దాంతో ముడిపెట్టకూడదని అందులో ఉంది. మన దగ్గరా అలాంటి మాట రాతపూర్వకంగా, సిపాయి ఇంటిదాకా తెలిసేలా ఉండాలి. మహిళా అధికారుల భర్తలకూ అది వర్తించాలి.

ఇష్టపడి వచ్చినవాళ్ల పనిని పనిగా గుర్తించడం మరో అవసరం. అమెరికా నౌకాదళంలో 1970 నుంచి అంబుడ్స్‌మన్ పద్ధతి ఉంది. నావికుల జీవిత భాగస్వాముల్లో ఒకరిని కమాండర్ నియమిస్తారు, శిక్షణ ఇస్తారు. ఓడకూ కుటుంబాలకూ మధ్య సమాచారం చేరవేసే బాధ్యత వాళ్లది. మన దగ్గర మాత్రం రెండు మూడేళ్లకోసారి బదిలీ, బదిలీ అయిన ప్రతిసారీ ఉద్యోగం వదులుకోవడం. కొత్త ఊళ్లో ఇంటర్వ్యూకి వెళ్తే ‘ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్నారా?’ అని అడుగుతారు. శిబిరాలు నడిపి, జమాఖర్చులు చూసి, వితంతువుల ఫైళ్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి దగ్గర చూపించడానికి కాగితం ఉండదు.

ఏ బాధ్యత, ఎంతకాలం, ఏమేం చేశారు అని రాసి సంతకం పెట్టిన సర్టిఫికెట్ యూనిట్ ఇవ్వాలి. ఉద్యోగాలిచ్చేవాళ్లు దాన్ని అనుభవంగా లెక్కించాలి.

— ఒక సైనికుడి భార్య