విషయం: బాగుచేయకుండానే నా ఫిర్యాదు మూసేయడం గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నిన్న రాత్రి మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. దయచేసి రేటింగ్ ఇవ్వండి." మీ దగ్గర కొన్న 3డి ప్రింటర్ అలాగే మూలన పడి ఉంది. ఆరు వారాలుగా తిప్పించుకుని చివరికి ఇదా మీరు చేసింది?

నేను ఇంట్లో పాత రేడియోలు బాగుచేస్తుంటాను. ఒక చేతిలో సోల్డరింగ్ ఐరన్, ఇంకో చేతిలో లెడ్ తీగ ఉంటే బోర్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. అందుకే గిన్నెలో బంతిలా ఎటు కావాలంటే అటు తిరిగే బాల్ జాయింట్ స్టాండ్లు సొంతంగా డిజైన్ చేసి ప్రింట్ చేసుకుంటాను. బంతికీ గిన్నెకీ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు దగ్గర కుదరడానికే నాకు రెండు నెలలు పట్టింది. మీ కొత్త ప్రింటర్‌లో ఫిలమెంట్ (కరిగి పొరలుగా పడే ప్లాస్టిక్ తీగ) మధ్యలో ఆగిపోతోంది. బంతి లోపలికి నొక్కగానే గిన్నె అంచు పొరలు పొరలుగా ఊడిపోతోంది.

మొదట ఫోన్ చేస్తే ఫిలమెంట్‌కు తేమ పట్టిందన్నారు. ఆరబెట్టాను. తర్వాత ఒకావిడ ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ మార్చమన్నారు. మార్చాను. మూడో ఆయన వీడియో అడిగారు, అదే రోజు పంపాను. వారం తర్వాత నేనే ఫోన్ చేస్తే, "మాకు వీడియో ఏదీ రాలేదు సార్, అసలు ప్రాబ్లం ఏంటి?" అని ఇంకొకరు. ఇలా ఐదుసార్లు మొదటి నుంచి చెప్పుకున్నాను. చివరాయనైతే ఫైలు తెరిచి కూడా చూడకుండా "మీ డిజైన్‌లోనే తప్పుంది" అన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. అదే ఫైలుతో మీ పాత ప్రింటర్ మీద తీసిన స్టాండ్లు ఈ రోజుకీ నా బల్ల మీద పనిచేస్తున్నాయి. సూపర్‌వైజర్ 24 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. స్నానానికి వెళ్తూ కూడా ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి వెళ్లాను. ఎవరూ చేయలేదు.

2021 నుంచి మీ దగ్గరే కొంటున్నాను. నా మాట నమ్మి ముగ్గురు స్నేహితులు మీ ప్రింటర్లే తీసుకున్నారు. ఇప్పుడు వాళ్లకు నేనేం సమాధానం చెప్పాలి?

టెక్నీషియన్‌ను పంపుతారో, డబ్బు వెనక్కిస్తారో తర్వాత మాట్లాడదాం. ముందు ఆ వీడియో చూసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. వారంలోగా చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు నేనుండే జిల్లాలోనే వేయొచ్చు, మీ ఆఫీసున్న ఊరికి రానక్కర్లేదు. బిల్లు, వారంటీ కార్డు, ప్రతి కాల్ తేదీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నిన్నటి మెసేజ్ కూడా.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
హనుమకొండ