మీ వారం సంచిలో తగ్గిన వంద గ్రాముల గురించి

వారం సంచి తీసుకునే అందరికీ నమస్కారం.

గత మూడు వారాలుగా మీ సంచిలో ఒక సరుకు వంద గ్రాములు తక్కువ వచ్చింది. చీటీ మీద కిలో అని నేను రాశాను. ప్యాకెట్లో ఉన్నది 900 గ్రాములు. పట్టుకున్నది నేనేనని చెప్పుకోగలిగితే బాగుండేది. మీలో ఒకావిడ ఇంట్లో తూచి చూసి, ఆ ప్యాకెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నలుగురిలో కేకలేసినా పడేవాణ్ణి. "మీరు కూడానా అండీ" అని ఊరుకున్నారు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

కొత్తగా చేరినవాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. వారం వెచ్చాలకు ఇంత అని మీరు ఒక మొత్తం చెబుతారు. అది దాటకుండా ఇంటికి కావలసినవి సర్ది ఇవ్వడం నా పూచీ. అందుకే ఈ ఉత్తరం.

వంద గ్రాములే కదా అనిపించవచ్చు. వారానికి కిలో వాడే ఇంట్లో రోజుకు దాదాపు 143 గ్రాములు అవుతుంది. 900 గ్రాములే వస్తే ఏడో రోజుకు మిగిలేది 42. అప్పుడు ఎవరో ఒకరు బజారుకు పరిగెత్తాలి. ఒక్కటి కొనడానికి వెళ్ళి ఆ ఒక్కదానితోనే తిరిగి వెళ్ళినవాళ్ళను ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను చాలా తక్కువమందిని చూశాను. (అలాంటివాళ్ళ వల్లే నాకూ పూట గడుస్తుంది, అది వేరే సంగతి.) బడ్జెట్ తప్పేది ఆ ఏడో రోజునే. ఈ మధ్య మీలో కొందరు "ఖర్చు ఎక్కడ పెరిగిందో తెలియట్లేదు" అంటే, పిల్లల చిరుతిళ్ళు తగ్గించమని పెద్దమనిషిలా సలహా ఇచ్చాను. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లలకు కూడా చెప్పండి.

ఇక ఆ సప్లయర్ సంగతి. పేరు రాయను. 11 ఏళ్ళుగా ఈ ప్యాకెట్లు ఆయన దగ్గరే తెప్పిస్తున్నాను. పాత ప్యాకెట్ ఎంత పొడుగో కొత్తదీ అంతే, అదే వెడల్పు, అదే రంగు, అదే బొమ్మ. మందం మాత్రం కాస్త తగ్గింది. పెట్టెకు ఎప్పటిలాగే 20 ప్యాకెట్లు, బిల్లు కూడా ఎప్పటిలాగే. 20 కిలోల పెట్టె కాస్తా 18 కిలోలైంది. మా కుర్రాడు దింపుతూ "ఈసారి తేలిగ్గా ఉందండీ" అన్నాడు కూడా. నీకు కండ పెరిగిందిరా అని నవ్వాను. ఇప్పుడు వాడు నన్ను చూసి నవ్వుతున్నాడు.

ఫోన్ చేస్తే ఆ సప్లయర్ చెప్పిన జవాబు: "ప్యాకెట్ మీద రాసే ఉందిగా." నిజమే, ఉంది. వెనకవైపు, అడుగున, చిన్న అక్షరాల్లో, నికర బరువు 900 గ్రాములని. నాకు ఒళ్ళు మండింది అక్కడే. అబద్ధమాడి ఉంటే దులిపేసేవాణ్ణి. నిజం చెప్పి నా నోరు మూయించాడు. ధర నూటికి 11 పెంచుతున్నానని చెబితే బేరమాడేవాణ్ణి, కుదరకపోతే మానేసేవాణ్ణి. అదే ధరకు పదో వంతు సరుకు తగ్గించినా కిలో లెక్కన పెరిగేది ఆ 11 పైచిలుకే. బిల్లులో అంకె కదల్లేదు, నా కళ్ళు బిల్లు దాటి పోలేదు. బరువు తగ్గించింది తయారీవాళ్ళు, సరే. కానీ నాది వారానికి కట్టిన లెక్క అని ఈయనకు బాగా తెలుసు. కొత్త స్కీము వస్తే రోజుకు మూడుసార్లు ఫోన్ చేసే మనిషి, దీనికి ఒక్కసారి చేయలేకపోయాడు. ఆయన దగ్గర నాకు 15 రోజుల అరువు ఉండేది, ఇంకొకరి దగ్గరైతే రొక్కం పెట్టాలి. అయినా ఆ సరుకు ఆయన దగ్గర ఆపేశాను. మా ఇంట్లో దీన్ని తొందరపాటు అంటున్నారు. అననివ్వండి.

మర్నాడు కొట్టు గంట ఆలస్యంగా తీశాం. మీ సంచుల్లోకి వెళ్ళే ప్రతి ప్యాకెట్‌నూ కాటా ఎక్కించాం. ఇంకో రెండు దొరికాయి. ఒకటి 500 నుంచి 450కి, ఇంకొకటి 200 నుంచి 180కి దిగాయి. ఆ పెట్టెలు అప్పుడే వచ్చినవి, సంచుల్లోకి ఇంకా పోలేదు.

నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఆ తర్వాత మొదలైంది. మీరు చెప్పిన మొత్తాన్ని పెంచమని అడగాలా? నాలుగు రాత్రులు ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అన్నీ పెరుగుతున్నాయి, కాస్త పెంచితే ఎవరూ ఏమీ అనుకోరని ఇంట్లోవాళ్ళ మాట. ఎవరూ ఏమీ అనుకోరని నాకూ తెలుసు. అదే నా భయం. ఒకసారి ఆ గీత జరిపితే రెండోసారి జరపడానికి నాకు సిగ్గుండదు. అప్పుడు వారం సంచికీ మామూలు బిల్లుకూ తేడా ఏముంది?

పెద్ద ప్యాకెట్లు వేద్దామా అనుకున్నాను. కిలో లెక్కన చవకే. కానీ మిగిలింది డబ్బాలో పాడైతే ఆ చవక ఎవరికి? 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో నూటికి 60 పాళ్ళు ఇళ్ళలోనే పోయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో రాశారు. కొట్లవాళ్ళదే పెద్ద పాపమని అప్పటిదాకా నా నమ్మకం. ఇక మిగిలింది నాలుగు సరుకుల్లో తలా కాస్త తగ్గించి చెప్పకుండా ఊరుకోవడం. ఆ పని చేస్తే ఆ సప్లయర్‌ని తిట్టే హక్కు నాకు పోతుంది. అది మాత్రం వదులుకోలేను.

చివరికి తేల్చుకున్నదేమిటంటే, మీ మొత్తం పెరగదు. ఆ సరుకును ఇకమీద బస్తాల్లో తెప్పించి ఇక్కడే తూచి కట్టిస్తాం. దానికి వారానికి రెండు సాయంత్రాలు పోతాయి, పోనివ్వండి. బొమ్మా మెరుపూ ఉండవు, మామూలు కవరు మీద బరువు, కట్టిన తేదీ పెన్నుతో రాసి ఉంటాయి. చీటీలో ప్రతి సరుకు పక్కనా బరువుతో పాటు కిలో ధర వేస్తాను, పాత చీటీలు దాచుకుంటే వారం వారం పోల్చుకోవచ్చు. ఏదైనా ధర ఎక్కితే దాని బదులు ఏం వేయాలో ముందురోజే ఫోన్ చేసి అడుగుతాం. ఫోన్ ఎత్తకపోతే మాత్రం నా ఇష్టం. పోయినవారంది ఇంకా మిగిలి ఉంటే అప్పుడే చెప్పండి, ఆ సరుకు ఆపి దాని డబ్బు వచ్చే వారానికి జమ వేస్తాను.

పనిలో పనిగా ఇంకొకటి. నెలకు నాలుగు వారాలని లెక్కేసి మొత్తం చెబుతున్నవాళ్ళు మీలో చాలామంది. పన్నెండు నాలుగులు 48, ఏడాదికి వారాలు 52. తేలిన ఆ నాలుగు వారాలు ఐదు సంచులు పడే నెలల్లో వచ్చి కూర్చుంటాయి. ఆ నెలల్లో చివరి సంచి వద్దని కబురు వస్తే, నా సరుకు నచ్చలేదేమోనని లోలోపల కుమిలిపోయాను. నెలకు అనుకున్నదాన్ని 12తో హెచ్చించి 52తో భాగించండి. నెలకు వంద అనుకుంటే వారానికి 25 రాదు, 23 వస్తుంది. సంచి చిన్నదవుతుంది, నా వ్యాపారమూ తగ్గుతుంది. అయినా ఐదో సంచి ఆగిపోవడం కంటే నయం.

తగ్గిన 300 గ్రాములు ఈ వారం సంచిలో విడిగా పొట్లం కట్టి పెడుతున్నాను, బిల్లులో కలపలేదు. దాన్ని కొసరు అనుకోకండి, నేను మీకు పడ్డ బాకీ. ఈ మధ్యలో మానేసినవాళ్ళదీ కట్టి ఉంచాను, వచ్చి తీసుకెళ్ళండి. మళ్ళీ చేరమని అడగను.

ఇంట్లో కాటా ఉన్నవాళ్ళు తూచుకోండి. తేడా వస్తే వచ్చి తిట్టండి. "మీరు కూడానా" అని మాత్రం అనకండి.