కుక్కకు ద్రాక్ష వద్దన్నారు సరే, చింతపండు మాటేమిటి?

ఎడిటర్ గారికి, నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పెంపుడు కుక్కలకు పెట్టకూడని పదార్థాలంటూ ఒక జాబితా వేశారు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, అవకాడో, మకడామియా గింజలు. అందులో తప్పేమీ లేదు. కానీ నేను గుంటూరులో కుక్కలకు, పిల్లులకు వైద్యం చేస్తాను. మకడామియా గింజలు తిన్న కుక్క నా దగ్గరికి ఇంతవరకు ఒక్కటీ రాలేదు. నిజం చెప్పాలంటే ఆ గింజ ఎలా ఉంటుందో నేనూ చూడలేదు. ఆ జాబితా అమెరికా వంటింటిని చూసి రాసింది. మన వంటింటిని చూసి రాస్తే అందులో మొదట ఉండాల్సింది చింతపండు. దాని పేరే లేదు.

ఈ మాట అంటే మా తోటి డాక్టర్లలోనే కొందరు నవ్వుతారు. అందుకే సంగతి మొదటి నుంచీ చెబుతాను.

2001లో అమెరికాలోని జంతు విష సమాచార కేంద్రం డాక్టర్లు అక్కడి పశువైద్య సంఘం పత్రికకు ఒక ఉత్తరం రాశారు. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు కిడ్నీలు పాడవుతున్నాయని దాని సారాంశం. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. పురుగుమందు అనుకున్నారు, బూజు అనుకున్నారు. ఒక కుక్క గుప్పెడు తిన్నా దులిపేసుకుని తిరిగేది, ఇంకో కుక్క కొద్దిగా తిని మంచాన పడేది. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి. 2021లో అదే కేంద్రం వాళ్లు అదే పత్రికకు మళ్లీ ఉత్తరం రాశారు. ఈసారి వాళ్లకు దారి చూపించింది ద్రాక్ష కాదు, పిల్లలు బొమ్మలు చేసుకునే పిండిముద్ద. ఇంట్లో చేసుకునే ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి కలుపుతారు. అది తిన్న కుక్కకు వాంతులు పట్టుకుని, కిడ్నీలు దెబ్బతిన్నాయి. అచ్చం ద్రాక్ష తిన్న కుక్కకు అయినట్టే. ఆ పొడిలో ఉండేది టార్టారిక్ యాసిడ్ తాలూకు లవణం. ద్రాక్ష పులుపులోనూ ఉండేది అదే యాసిడ్. ద్రాక్ష రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి అది ఎక్కువ తక్కువలుగా ఉంటుంది కాబట్టే ఒక కుక్కకు ఏమీ కాక, ఇంకో కుక్క ప్రాణం మీదికి రావడం.

ఆ డాక్టర్లే మరికొందరితో కలిసి 2022లో వేసిన వ్యాసంలో క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కలతో పాటు చింతపండు తిన్న కుక్కల కేసులూ ఉన్నాయి. ఉండక ఏమవుతుంది? చింతపండు పులుపంతా దాదాపు టార్టారిక్ యాసిడే. ద్రాక్షలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. 2023లో ల్యాబ్‌లో కుక్క కిడ్నీ కణాలను, మనిషి కిడ్నీ కణాలను ఆ యాసిడ్‌లో ఉంచి చూస్తే కుక్క కణాలు చచ్చిపోయాయి, మనిషి కణాలు చెక్కుచెదరలేదు. ఈ యాసిడ్‌ను కణం లోపల పేరుకోకుండా బయటికి పంపే ఏర్పాటు మన కిడ్నీలో ఉంది, కుక్క కిడ్నీలో అది సరిగా లేదు అని పరిశోధకుల వివరణ. తరతరాలుగా పులుసు తాగుతున్న మనకు లేని బాధ కుక్కకు అందుకే.

2001 నాటిదీ, 2021 నాటిదీ ఎడిటర్‌కు రాసిన ఉత్తరాలే సుమండీ. ఆ ధైర్యంతోనే నేనూ రాస్తున్నాను.

ఒక కేసు చెబుతాను. ఉగాది రోజుల్లో మా వైపు ఇళ్లకు కొత్త చింతపండు వస్తుంది. డాబా మీద ఎండబెట్టి, ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని పెంకు, ఈనెలు, గింజలు తీసి, రాళ్ల ఉప్పు చల్లి జాడీలకెత్తుతారు. అలాంటి ఒక ఇంటి నుంచి లాబ్రడార్‌ను తీసుకొచ్చారు. ముందు రోజు సాయంత్రం నుంచి వాంతులు, పొద్దున్నుంచి లేవడం లేదు. "పెరుగన్నం తప్ప ఏమీ పెట్టలేదు మేడం, మావాడు బయటి తిండి ముట్టడు" అన్నాడు వాళ్లబ్బాయి. లాబ్రడార్ తిండి ముట్టదంటే నేను నమ్మను. ఆ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని అదుపు చేసే జన్యువులోనే లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు తేల్చారు కూడా. మేం మాట్లాడుతుండగానే అది నా టేబుల్ మీద మళ్లీ కక్కింది. పసుపు నురగ, అందులో గోధుమరంగు పీచు, రెండు మూడు ఈనెలు, నున్నగా మెరుస్తూ ఒక చింతపిక్క. అప్పుడు మామ్మగారు మెల్లగా చెప్పారు: "మధ్యాహ్నం మేం కునుకు తీసినప్పుడు బుట్టలో మూతి పెట్టిందమ్మా. పుల్లటిది కదా, ఏం తింటుందిలే అనుకున్నాం."

ఆ రోజు రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, కాస్త ఎక్కువగా ఉంది, అంతే. మర్నాటికి 5 దాటింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఒకటిన్నర లోపు ఉండాలి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టో జ్వరం పరీక్ష చేయిస్తే నెగెటివ్. పిడుదు జ్వరం లేదు. సెలైన్ ఎక్కిస్తూ, మూత్రం ఎంత పోస్తోందో కొలుస్తూ కూర్చున్నాం. అదృష్టం బాగుండి మూత్రం ఆగలేదు. నాలుగైదు రోజులకు అంకెలు దిగడం మొదలైంది, కుక్క ఇంటికెళ్లింది. అది చింతపండు వల్లేనని కోర్టులో నిలబెట్టమంటే నిలబెట్టలేను. కానీ ఆ పిక్కను నా టేబుల్ మీద చూశాక ఇంకో కారణం వెతుక్కోవడానికి మనసొప్పలేదు.

"మా చిన్నప్పుడు కుక్కలన్నీ చారన్నం తినే బతికాయి కదమ్మా" అని ఆ మామ్మగారే అడిగారు. నిజమే. చారంటే నీళ్లే ఎక్కువ. పైగా అవి పెరట్లో తిరిగే కుక్కలు, ఒక రోజు కనబడకపోతే పోయిందిలే అనుకునేవాళ్లం. వాటికి క్రియాటినిన్ చూసిందెవరు? చారు మెతుకులు నాకిన ప్రతి కుక్కనూ క్లినిక్‌కు మోసుకురమ్మని నేను అనడం లేదు. పులిహోర పళ్లెం ఖాళీ చేసినా, చిక్కటి పులుసు తాగినా, ముద్ద చింతపండు మింగినా వాంతుల కోసం ఎదురుచూడకుండా అప్పటికప్పుడు ఫోన్ చేయమంటున్నాను. ఇంతవరకు తింటే ఏమీ కాదు అని చెప్పే కొలత ఏదీ లేదు. పండగ ప్రసాదమని చెప్పి కుక్క నోట్లో పులిహోర ముద్ద పెట్టడం మాత్రం మానేయండి. మొదటి రెండు గంటల్లో తీసుకొస్తే వాంతి చేయించి చాలావరకు బయటికి తీయగలం. అది డాక్టరు చేయాల్సిన పని. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టకండి. రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తాయి, అప్పుడు ఒక జబ్బుకు రెండు జబ్బులు.

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్లకు రెండు మాటలు. "ఏం తినింది?" అని అడిగితే "ఏమీ పెట్టలేదు" అనే జవాబొస్తుంది. "నిన్న మీ ఇంట్లో ఏం వండారు?" అని అడగండి. వీలైతే కుక్కను తెచ్చిన కుర్రాడిని కాదు, వంటింట్లో ఉండేవాళ్లను ఫోన్‌లో అడగండి. రెండోది, మొదటి రోజు రిపోర్టు నార్మల్ అని ఇంటికి పంపేయవద్దు. కిడ్నీ దెబ్బ బయటపడడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 24, 48, 72 గంటలకు మళ్లీ చూడాలి. రెండు రోజులైనా సెలైన్ నడవాలి. మన ఊళ్లలో కిడ్నీ కేసనగానే లెప్టో అనుకుని మందులు మొదలుపెట్టడం అలవాటు. మొదలుపెట్టండి, తప్పులేదు. వంటింటి ప్రశ్న కూడా అడగండి.

ఇక మందుల డబ్బా సంగతి. చింతపండు కంటే ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే. పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కోవిడ్ తర్వాత 650 మిల్లీగ్రాముల మాత్రల స్ట్రిప్ లేని ఇల్లు లేదు. నాలుగు కిలోల పిల్లికి ఆ మాత్ర ఒకటి వేస్తే కిలోకు 160 మిల్లీగ్రాములు పైనే పడినట్టు. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషమెక్కిన పిల్లులున్నాయి. మన కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపే దారి పిల్లికి దాదాపు లేదు. కొన్ని గంటల్లో ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసపడుతుంది, చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. సూది గుచ్చితే సిరంజిలోకి వచ్చే రక్తం ఎర్రగా ఉండదు, డికాక్షన్ రంగులో ఉంటుంది. ఒకసారి చూసినవాళ్లు ఆ రంగు మర్చిపోలేరు.

మొన్నామధ్య ఒకమ్మాయి ఇలాంటి పిల్లిని తువ్వాలులో చుట్టి తెచ్చింది. దగ్గర్లోని మెడికల్ షాపులో అడిగితే "సగం మాత్ర వెయ్యండి, చిన్నదే కదా" అన్నారట. పిల్లికి సగం కాదు, పావు కూడా లేదు. అసలు డోసే లేదు. దీనికి విరుగుడు ఎసిటైల్ సిస్టీన్. మనుషులకు కఫం కరగడానికి ఇస్తారు, పారాసెటమాల్ ఎక్కువ మింగినవాళ్లకు ఆసుపత్రుల్లో ఎక్కిస్తారు. మొదటి డోసు కిలోకు 140 మిల్లీగ్రాములు, ఆ తర్వాత ఆరేసి గంటలకు 70. మాత్ర వేసిన సంగతి దాచకుండా చెప్పి తొందరగా తెస్తే బతికించుకోవచ్చు. తిడతానేమోనని దాచేవాళ్లే ఎక్కువ. తిట్టను, చెప్పండి.

కుక్కల విషయంలో ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్. కాలు కుంటుతోందని మనిషి నొప్పి మాత్ర వేస్తారు. రెండు రోజులకు నల్లటి తారులాంటి విరేచనం, అంటే పొట్టలో పుండు పడి రక్తం కారుతోందన్నమాట. మెలోక్సికామ్ అనే నొప్పి మందు కుక్కలకూ వాడతాం. అయితే మొదటి రోజు తర్వాత కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రామే. ఐదు కిలోల పామరేనియన్‌కు అర మిల్లీగ్రాము సరిపోతుంది. మెడికల్ షాపులో మనుషులకిచ్చే మాత్ర 15 మిల్లీగ్రాములు, అంటే ఆ కుక్కకు నెల రోజుల మందు ఒక్క గుటకలో. ఇందులో ఒక విచిత్రముంది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా ఆపేశారు. మంచి పనే. రాబందును కాపాడటానికి చట్టం ఉంది. సోఫా మీద పడుకునే కుక్కకు మాత్రం ఆ స్ట్రిప్ కౌంటర్ మీదే దొరుకుతోంది.

కుక్కలకు వాడే పర్మెత్రిన్ పిడుదుల మందు పిల్లి మెడ మీద వేసి, అది గజగజ వణుకుతుంటే తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికీ కుక్కకీ రెంటికీ పడవు, పచ్చివైనా వండినవైనా. వీటి గురించి మీ పేజీలో ఇంకోసారి వివరంగా వేస్తే మంచిది.

ప్రభుత్వాలను ఒకటే కోరతాను. అమెరికా వాళ్లకు ద్రాక్ష సంగతి, చింతపండు సంగతి తెలిసింది వాళ్ల డాక్టర్లకు తెలివి ఎక్కువై కాదు. జంతువు ఏదైనా మింగితే జనం ఫోన్ చేయడానికి ఒక కేంద్రం ఉంది, వచ్చిన ప్రతి ఫోనునూ అక్కడ రాసి పెట్టుకుంటారు. మన రెండు రాష్ట్రాల్లో సంచార పశువైద్యానికి 1962 నంబరు ఉంది. ఎక్కువగా గేదెలకు, గొర్రెలకు పనికొస్తోంది, రావాలి కూడా. దానికే విషం కేసుల కోసం ఒక డెస్కు తగిలించి, వచ్చిన ఫోన్లను తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల వాళ్లు నమోదు చేసుకుంటే, కొన్నేళ్లకు మన వంటింటి జాబితా మన చేతికి వస్తుంది. చింతపండు తిని కిడ్నీలు పోయిన కుక్కలు అమెరికాలో కంటే మన దగ్గరే ఎక్కువ ఉండాలి కదా. రాసి పెట్టేవాళ్లు లేక అవి లెప్టో ఖాతాలో పడిపోతున్నాయని నా అనుమానం.

ఉత్తరం పొడుగైంది. మీకు స్థలం ఎప్పుడూ ఇరుకే అని తెలుసు. కత్తిరించక తప్పకపోతే చింతపండు భాగంలో ఎంతైనా కత్తిరించండి. పిల్లికి పారాసెటమాల్ వేయకూడదన్న మాటను మాత్రం ముట్టుకోకండి, వీలైతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
కుక్కలు, పిల్లుల వైద్యురాలు,
గుంటూరు.