దగ్గర్లోనే వెతుక్కో బిడ్డా

హన్మకొండ

చిన్నా,

నిన్న ఫోన్‌లో తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్ గురించి నువ్వన్న మాట రాత్రంతా నిద్ర పోనివ్వలేదు. "మీటింగ్‌కి పోతాను నాన్నా, కానీ హైదరాబాద్ పోతాను. మంచిర్యాలలో ఎవరన్నా చూస్తే పరువు పోతుంది" అన్నావు. తాగుడు మాన్పించే వార్డు నుంచి నువ్వు ఇంటికొచ్చి పన్నెండు రోజులే అయింది. పోతానని నీ నోటితో నువ్వే అన్నందుకు మీ అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. కానీ హైదరాబాద్ అన్నావే, అక్కడ నిన్ను ఆపాలనిపించింది. నేనూ అదే చేశాను కనుక.

అప్పుడు నువ్వు తొమ్మిదో తరగతి. పని ఉందని మీకు చెప్పి ఆదివారం పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయేవాణ్ణి. నాలుగు వారాలు పోయాను. అక్కడివాళ్లు నన్ను ఎంతో బాగా చూసుకున్నారు. కానీ తాగాలన్న కోరిక ఆదివారం దాకా ఆగదు కదా. ఐదో వారం, మంగళవారం సాయంత్రం చౌరస్తాలో బస్సు దిగుతుంటే వచ్చింది. నోరు ఎండిపోయింది, కాళ్లు వైన్స్ వైపు తిరిగాయి. జేబులో వాళ్ల నంబర్లు ఉన్నాయి, మనుషులు మాత్రం 130 కిలోమీటర్ల అవతల ఉన్నారు. ఆ రాత్రి గేటు తీసింది నువ్వే. నీకు గుర్తుండే ఉంటుంది.

తర్వాత ఎవరూ వద్దు, నేనే మానేస్తానని పంతం పట్టాను. రెండో రోజు ఫిట్స్ వచ్చి వంటింట్లో పడిపోయాను. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికే రావచ్చని ఎంజీఎంలో డాక్టరమ్మ చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. నీకు ఆ గండం వార్డులోనే గడిచింది. ఎప్పుడన్నా మళ్లీ మొదలైతే సొంతంగా ఆపకు, ముందు డాక్టరు దగ్గరికి పో. ఆ డాక్టరమ్మే ఒక చీటీ మీద మీటింగ్ వాళ్ల నంబరు రాసిచ్చింది. హన్మకొండలోనే, మనింటికి ఇరవై నిమిషాల నడక.

పోయాను కానీ లోపలికి పోలేదు. ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను. చేతులు వణుకుతుంటే గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను, అయినా సగం టీ చొక్కా మీదే. అప్పుడు గేట్లోంచి ఒకాయన బయటికొచ్చాడు. మన వీధి మనిషే. ఎవరు చూస్తారోనని ఇన్నాళ్లు భయపడ్డానో ఆయనే! నన్ను చూసి "రా అన్నా, లోపల కుర్చీ ఉంది" అన్నాడు, అంతే. ఆయనెవరో మీ అమ్మకు కూడా నేను ఇప్పటిదాకా చెప్పలేదు. అక్కడ చూసిన మనిషి, విన్న మాట అక్కడే ఉండాలి. నీ పేరూ అలాగే ఉంటుంది.

ఇంక పరువంటావా? దసరా నాడు నేను నడిరోడ్డు మీద పడి ఉంటే చూసిన ఊరే కదా ఇది. మానడానికి పోతుంటే చూస్తే కొత్తగా పోయేదేముంది బిడ్డా?

ఈ ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైందే ఇలాంటి వెతుకులాటతో. 1935లో అమెరికాలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పని మీద ఆక్రన్ అనే ఊరికి పోయాడు. తాగుడు ఆపి అప్పటికి కొన్ని నెలలే. పని చెడిపోయింది, హోటల్లో ఒక పక్క బారు, చేతిలో కొద్దిపాటి డబ్బు. బారులోకి పోకుండా ఫోన్ దగ్గరికి పోయి, చర్చిల నంబర్లు చూసి ఫోన్ చేశాడు. ఆ ఊళ్లో నాలాగే తాగుడుతో అవస్థ పడేవాళ్లు ఎవరన్నా ఉంటే కలపండి అని అడిగాడు. అలా దొరికిన మనిషి బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆయన చివరి చుక్క తాగిన జూన్ 10నే సంస్థ పుట్టిన రోజుగా లెక్కపెడతారు. ఊరుగాని ఊళ్లో కూడా బిల్ వెతికింది దగ్గర్లో ఉన్న మనిషినే.

కనుక నువ్వూ ఫోన్ చెయ్యి. వార్డులో నిన్ను చూసిన డాక్టరును అడుగు, వాళ్లకు తెలుస్తుంది. లేదంటే 14446కు చెయ్యి, అది తాగుడు, మత్తు మానేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే నంబరు, డబ్బులు పడవు. మీటింగ్ టైము మారుతుంటుంది, బయల్దేరే ముందు ఒకసారి కనుక్కో. తెలుగులోనే మాట్లాడతారా అని కూడా అడుగు, మన బాధ మన మాటల్లో చెప్పుకుంటేనే తేలికవుతుంది. ఫీజు ఉండదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంకేమీ అడగరు. మొదటి రోజు నోరు విప్పకపోయినా ఏమీ అనరు, నేను మూడు వారాలు విని వచ్చేశాను. ఒక్క మీటింగ్‌తోనే ఇది నాకు పడదనుకోకు. మంచిర్యాలలో దొరక్కపోతే పెద్దపల్లి చూడు, కరీంనగర్ చూడు. డ్యూటీ దిగి పోగలిగేంత దూరంలో ఉండాలి, అదే లెక్క. వారం మధ్యలో ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో కూడా మీటింగ్‌లు జరుగుతాయి, అవి అదనం అనుకో. రాత్రి పది గంటలకు నీ గుమ్మం ముందుకు రాగలిగే మనిషి ఒక్కడన్నా నీకు కావాలి.

కోడలికి ఒక మాట చెప్పు. తాగుడు మాన్పించే పొడి అని ఎవరన్నా ఇస్తే నీకు తెలియకుండా కూరలో కలపొద్దు. నన్ను బతికించుకోవాలని మీ అమ్మ ఒకసారి అదే చేసింది, నేను ప్రాణాపాయంలో పడ్డాను. తనను నేను ఏనాడూ తప్పు పట్టలేదు. ఇంట్లోవాళ్లు కూర్చోడానికి అల్-అనాన్ అని వేరే గ్రూపులు ఉన్నాయి. దాని గురించి అమ్మే తనతో మాట్లాడతానంటోంది.

ఆదివారం పొద్దున రైలుకు వస్తున్నాను. ఆలోపు నంబరు కనుక్కుని, బయటివాళ్లు కూడా కూర్చోగలిగే ఓపెన్ మీటింగ్ ఏ రోజో అడిగి పెట్టు. నీ పక్క కుర్చీలో కూర్చుంటాను. తాగుడు మానాలనుకునేవాళ్లకే పెట్టే క్లోజ్డ్ మీటింగ్ అయినా ఇబ్బంది లేదు, నేనూ వాళ్లలో ఒకణ్ణే.

నాన్న