‘అడోలసెన్స్’ చూసినవాళ్లకు, చూడబోయేవాళ్లకు

అందరికీ నమస్కారం. ‘అడోలసెన్స్’ అనే బ్రిటిష్ వెబ్ సిరీస్ మీద నిన్న గ్రూప్‌లో వాదన బాగా వేడెక్కింది. "హత్య ఎవరు చేశారో మొదటి ఎపిసోడ్‌లోనే తేలిపోతే ఇంకేం థ్రిల్లరు?" అన్నారు కొందరు. అసలు భయం అక్కడి నుంచే మొదలవుతుందండీ. పదమూడేళ్ల పిల్లాడు ఎందుకలా చేశాడన్నదే కథంతా.

2025లో వచ్చిన ఈ నాలుగు ఎపిసోడ్లూ ఒక్కోటి ఒకే షాట్‌లో తీశారు. మూడోది తప్పకుండా చూడండి. సైకాలజిస్టు హాట్ చాక్లెట్ తెచ్చిస్తే మామూలుగా కబుర్లు చెప్పిన కుర్రాడే ఉన్నట్టుండి లేచి ఆవిడ మీద అరుస్తాడు. నాకైతే ఒళ్లు జలదరించింది. బ్రిటన్‌లో హైస్కూళ్లలో ఉచితంగా చూపించే ఏర్పాటు కూడా చేశారు.

ఆ పిల్లాడి మీద సోషల్ మీడియా ప్రభావం ఉందంటే, "మనవాళ్లు హాస్టల్లో ఉంటారు, ఫోనే ఉండదు" అన్నారొకరు. సెలవులకు ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఎవరితో మాట్లాడుతున్నారో మనకు తెలుస్తోందా?

ఆదివారం సాయంత్రం ఆరింటికి పటమటలో మా ఇంట్లో మూడో ఎపిసోడ్ వేస్తున్నాం. ఇంటర్ పిల్లల్నీ తీసుకురండి, వాళ్లేమంటారో విందాం.