మాట నుంచి పనికి: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సంఘ పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ప్రభువు నామంలో వందనాలు.

పోయిన ఏప్రిల్‌లో సర్వసభ్య సమావేశం రోజు మనం ఏం తీర్మానించుకున్నామో గుర్తుందా? యాకోబు పత్రిక రెండో అధ్యాయం మీద వరసగా వాక్యం విన్నాం. బట్ట లేక, ఆ పూట తిండి లేక ఉన్నవాళ్లకు ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్లండని పంపేస్తే ఏం లాభం అనే ఆ భాగం విని అందరం ఆమేన్ అన్నాం. అన్నాక ఊరికే ఉండలేక, ఉజ్జీవ కూటాలకు పెట్టే ఖర్చులో సగం పనులకు వాడదామని ఒప్పుకున్నాం. స్టేజీ, ఫ్లెక్సీలు లేకుండా కూటాలు మందిరంలోనే పెట్టుకున్నాం, ఆరాధనకు ఏ లోటూ రాలేదు. ఆ మిగిలిన డబ్బుకి, స్త్రీల సమాజం వాళ్లు వండేటప్పుడల్లా పిడికెడు చొప్పున తీసిపెట్టిన బియ్యం తోడైంది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు, చూసి సందేహాలుంటే ఆయన్నే అడగండి.

ముందు విజయవాడ సంగతి. సెప్టెంబర్ 1 ఆదివారం, మనం ఇక్కడ ఒంగోలులో ఆరాధన ముగించుకుని బయటికి వచ్చేసరికి బుడమేరు వాగు నీళ్లు అక్కడి సింగ్ నగర్‌ని ముంచేశాయని ఫోన్లు మొదలయ్యాయి. అప్పటికప్పుడు పులిహోర పొట్లాలు కట్టి పంపుదామని చాలామంది అన్నారు. పాస్టర్ గారు మాత్రం, అన్నం పొట్లాలు అందరూ పంపుతారు, నీళ్లు తగ్గాక బురద ఎత్తడానికి మనుషులు కావాలి, అప్పుడు వెళ్దాం అన్నారు. ఆ మాట నిజమైంది. గండ్లు పూడ్చి నీళ్లు తీశాక మన యవనస్థులు, కొందరు పెద్దవాళ్లు పారలు, బకెట్లు, బ్లీచింగ్ పౌడర్ పట్టుకుని వెళ్లారు. అప్పటికి పొట్లాలు పంచే వ్యాన్లు బాగా తగ్గాయి, ఇళ్లలో బురద మాత్రం అలాగే ఉంది.

ఒక ఇంట్లో ఒక పెద్దావిడ కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉన్నారు. పరుపులు, బియ్యం, ఫ్రిజ్ అన్నీ పోయినా ఆవిడ వాటి గురించి ఒక్క మాట మాట్లాడలేదు, మిషన్ మీదే చెయ్యి వేసుకుని ఉన్నారు, ఎందుకంటే ఇల్లు నడిచేది దాని మీదే. మనలో టైలరింగ్ తెలిసిన అక్క ఒకరు ఉండబట్టి మంచిదైంది. మిషన్ తల విప్పి, బాబిన్ కేసులో గట్టిపడిన బురదని పిన్నీసుతో గీకి, కిరసనాయిలుతో రెండుసార్లు కడిగి, ఎండబెట్టి ఆయిల్ వేశారు. సాయంత్రానికి చక్రం తిరిగింది. మీరు ఏ చర్చి వాళ్లు అని ఆవిడ అడిగితే ఒంగోలు నుంచి వచ్చామని మాత్రం చెప్పారట మన అక్క. ఆవిడది ఏ మతమో మనం అడగలేదు, ఎవరినీ అడగలేదు.

ఇక్కడ ఒక విషయం రాయాలి. పంచే సరుకుల సంచుల మీద సంఘం పేరు వేయించాలని, లోపల కరపత్రం పెట్టాలని కమిటీలో కొందరు గట్టిగా పట్టుబట్టారు. వాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ మన ఒంగోలు చరిత్ర మనకి తెలుసు కదా. 1876–78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆ పనిలో వాళ్లకి కూలి ఇప్పించారు. ఆ కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు, గింజల కోసం ఎవరూ మతం మారకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు ఆయన ఆపిన నెలల గురించి కూడా పిల్లలకి చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. కమిటీలో ఇదంతా మాట్లాడుకున్నాక సంచులు తెల్లగానే వెళ్లాయి.

ఏడాది పొడుగునా నడిచిన పని టీబీ రోగులకు పోషకాహారం. ప్రభుత్వ పథకంలో నిక్షయ్ మిత్రగా, అంటే టీబీ రోగులకు సాయం చేసే దాతగా నమోదై, రోగి ఒప్పుకుంటే నెలనెలా సరుకులు ఇవ్వొచ్చు. కందిపప్పు, వేరుశనగ గుళ్లు, నూనె, గుడ్లు ఇచ్చాం. ప్రభుత్వం ఇచ్చే 500 రూపాయలు నవంబర్ నుంచి 1,000 అయ్యాయి, అది రోగి ఖాతాలోకే పడుతుంది. ఒక ఆటో అన్నకి ఖాతాకి ఆధార్ లింక్ కాక డబ్బు రావట్లేదని తెలిసి మనవాళ్లు బ్యాంకులో ఒక పూటంతా కూర్చుని పని పూర్తి చేయించారు. ఆ అన్నే మందులు మొదలుపెట్టిన వారంలో మూత్రం ఎర్రగా వస్తోందని భయపడి మాత్రలు మానేశారు. సరుకులు ఇచ్చి వచ్చేద్దామని వెళ్లిన తమ్ముడు కాసేపు కూర్చోబట్టి ఆ విషయం బయటపడింది. ఆశా అక్కని పిలిపిస్తే, ఆ మాత్రల వల్ల రంగు అలాగే వస్తుంది, ప్రమాదం లేదు, మానేస్తేనే జబ్బు మొండికేస్తుంది అని చెప్పారు. ఆ అన్న ఆరు నెలల కోర్సు పూర్తి చేశారు. సంచి గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది నాకు.

చేయలేకపోయినవి కూడా ఉన్నాయి. పాత బట్టల సేకరణ మనకి సిగ్గుచేటు అయింది. మూటలు విప్పితే చిరిగినవి, గుండీలు లేనివి, ఉతకనివి చాలా ఉన్నాయి, స్త్రీల సమాజం అక్కలు రెండు రోజులు కూర్చుని ఏరి సగం పక్కన పడేశారు. మనం కట్టుకోలేనివి ఇంకొకరికి ఇవ్వొద్దు, దయచేసి. రక్తదానం లిస్టులో పేర్లు చాలా ఉన్నాయి కానీ ఒక రాత్రి పురుడు కేసుకి కావాలని ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరు అంతకుముందు రక్తం ఇచ్చి 90 రోజులు కాలేదు, కాబట్టి మళ్లీ ఇవ్వడానికి లేదు. లిస్టు కొత్తగా రాస్తున్నాం, రాత్రిపూట రాగలిగినవాళ్లే పేరు ఇవ్వండి. సమాధుల తోట ప్రహరీ పని మొదలే కాలేదు.

వచ్చే ఏడాదికి టీబీ సరుకుల పని ఆపట్లేదు. గురువారం సాయంత్రాలు బండి ఉన్నవాళ్లు నలుగురు కావాలి, ఒక్కో ఇంట్లో కనీసం అరగంట కూర్చోగలిగినవాళ్లు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నేను మందిరం గుమ్మం దగ్గరే ఉంటాను, పేర్లు ఇవ్వండి.

మీ కార్యదర్శి